టోపీల పందెం నుంచి తప్పుల లెక్క దాకా: ఇంగ్లండ్ చర్చి గంటల పోటీల కథ

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో హేస్టింగ్స్ అనే ఊరుంది. అక్కడి ఆల్ సెయింట్స్ చర్చి గంటల గదిలో 1756 నాటి పద్యం ఒకటి ఉంది. అది గంటలు మోగించేవాళ్లకు రాసిన కట్టుబాటు. నెత్తిన టోపీ పెట్టుకునో, గుర్రపు రౌతులు మడమకు కట్టుకునే ముల్లుతోనో తాడు పట్టుకుంటే ఆరు పెన్నీల జరిమానా. గంటను అదుపు తప్పించి బోర్లా తిప్పేస్తే నాలుగు పెన్నీలు. మర్యాదగా ఉండేవాళ్లందరికీ ఈ గది తెరిచే ఉంటుందని, చక్కగా మోగిన గంటలకు సాటి వచ్చే సంగీతం లేదని కూడా ఆ పద్యం చెబుతుంది.

ఆ రోజుల్లోనే ఇంగ్లండ్ పల్లెల్లో గంటల పోటీలు జోరుగా సాగేవి. గెలిచిన జట్టుకు తరచుగా ఇచ్చిన బహుమతి టోపీలే. బంగారు జలతారు అంచు కుట్టిన టోపీలు, తాడుకొకటి చొప్పున. గంటల గదిలో తీసి పక్కన పెట్టాల్సిన వస్తువే బయట వీధిలో గెలుపు గుర్తుగా నెత్తికెక్కేది. గోపురం లోపలి క్రమశిక్షణ, వీధిలోని పందెం ఒకే కళకు రెండు ముఖాలు. ఆ రెండింటి మధ్య పెనుగులాటే ఈ పోటీల చరిత్రంతా.

మనకు ఈ సంగతి వింతగా తోచడం సహజం. మన ఊళ్లలో చర్చి గంట అంటే ఆదివారం పొద్దున మొదటి గంట, రెండో గంట. ఆరాధనకు వేళయిందని కబురు, అంతే. గుళ్లో గంట అయితే ఎవరి భక్తి వారిది, ఎవరి దెబ్బ వారిది. గంట బాగా కొట్టారా, ఓ మాదిరిగా కొట్టారా అని ఎవరూ తీర్పు చెప్పరు. గంటకు పోటీ పెడితే దేన్ని కొలవాలి? ఎక్కువ గట్టిగా మోగడాన్నా? ఎక్కువసేపు మోగడాన్నా? తీయగా మోగడాన్నా? ఇంగ్లండులో ఇవేవీ కొలత కాలేదు. అక్కడ కొలిచింది రెండు దెబ్బల మధ్య ఖాళీని. అదెలా జరిగిందో తెలియాలంటే ముందు ఆ గోపురాల్లో గంట ఎలా తిరుగుతుందో చూడాలి.

గంట మాట వినదు

చాలా దేశాల్లో చర్చి గంట కాస్త అటూ ఇటూ ఊగుతుంది, లేదా కదలకుండా వేలాడుతుంటే సుత్తి వచ్చి కొడుతుంది. ఇంగ్లండులో 17వ శతాబ్దం నాటికి మరో పద్ధతి కుదురుకుంది. గంటను ఒక దూలానికి బిగించి, దాని పక్కన నిండు చక్రం అమర్చారు. ఆ చక్రం అంచు చుట్టూ తాడు. గంటను కొంచెం కొంచెంగా ఊపుతూ పోతే చివరికి నోరు ఆకాశం వైపు తిరిగి నిలబడుతుంది. అక్కడి నుంచి ఒక్కసారి లాగితే దాదాపు పూర్తి వలయం తిరిగి, మళ్లీ నోరు పైకి వచ్చి ఆగుతుంది. ఆ తిరుగుడులో నాలుక ఒక్కసారి గంట అంచును తాకుతుంది. ఒక్క లాగుడుకు ఒక్క మోత. మొదటి లాగుడు తాడు మీదున్న ఊలు పిడితో, రెండోది తాడు కొసతో. ఇలా ఒకటి మార్చి ఒకటి.

ఇక్కడే చిక్కంతా ఉంది. గంట బరువు కొన్ని వందల కిలోలు, ఒక్కోచోట టన్నులు. లివర్‌పూల్ ఆంగ్లికన్ కథెడ్రల్‌లో పెద్ద గంట బరువు 4 టన్నులకు పైమాటే. ఎక్సెటర్ కథెడ్రల్‌లోది మూడున్నర టన్నులు దాటుతుంది. అంతటి లోహం ఒకసారి కదిలాక మనిషి చేతిలో ఏమీ ఉండదు. తాడు లాగిన క్షణానికి, మోత వినిపించే క్షణానికి మధ్య ఎడం ఉంటుంది. కాబట్టి మోగించేవాడు తన దెబ్బ పడాల్సిన క్షణానికి ముందే లాగాలి. ఎంత ముందు అన్నది ఆ గంట బరువును బట్టి, దాని స్వభావాన్ని బట్టి మారుతుంది. నోరు పైకి తిరిగి నిలబడబోయే చోట గంటను ఒక రెప్పపాటు ఆపి ఉంచితే తర్వాతి మోత ఆలస్యమవుతుంది. పూర్తిగా పైకి రానివ్వకుండా తాడు కాస్త ముందే లాగితే మోత త్వరపడుతుంది. అతని చేతిలో ఉన్నది ఈ రెండే.

అందుకే ఈ గంటల మీద పాట పలికించడం కుదరదు. పాటలో ఒక స్వరం వెంటనే మళ్లీ రావాలి, లేదా నాలుగు స్వరాలు దాటి ఎక్కడికో దూకాలి. టన్ను బరువున్న గంట అలా దూకలేదు. ఒక వరసకూ తర్వాతి వరసకూ మధ్య అది తన చోటు నుంచి ఒక్క అడుగు ముందుకో వెనక్కో జరగగలదు, లేదా ఉన్నచోటే ఉండగలదు. 1 2 3 4 5 6 అని మోగుతున్న వరసలో 3, 4 చోట్లు మార్చుకుంటే 1 2 4 3 5 6 అవుతుంది. ఇదే వాళ్ల వ్యాకరణం.

మన ఊళ్ల జడకోలాటం చూసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది. పైనుంచి వేలాడే తాళ్లను పట్టుకుని పిల్లలు పక్కవారితో చోటు మార్చుకుంటూ తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటుంది. అదే తీరులో వెనక్కి తిరిగితే జడ విడిపోతుంది. గంటల వాళ్లు కూడా ఒక్కో గంట నడిచే దారిని కాగితం మీద గీతగా గీసుకుని బట్టీ పడతారు. ఆ గీతలన్నీ కలిపి చూస్తే అచ్చం జడే. అల్లిక మొదలైన 1 2 3 4 5 6 దగ్గరికే తిరిగి వచ్చి ముగుస్తుంది.

ఏడు గంటలు, 5,040 వరసలు

ఒక వరస మళ్లీ రాకుండా ఎన్ని వరసలు మోగించవచ్చు? అయిదు గంటలకు 120. ఆరింటికి 720. ఏడింటికి 5,040. ఎనిమిదింటికి 40,320. పన్నెండుకు వచ్చేసరికి 47 కోట్ల 90 లక్షలు దాటుతుంది. నిమిషానికి 28 వరసల చొప్పున ఆగకుండా మోగించినా ముప్పై ఏళ్లకు పైగా పడుతుంది.

5,040 అన్న సంఖ్య మనకు కొత్త కాదు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరంలో ఏడు స్వరాల ప్రస్తారం ఉంది. ఏడింటినీ ఒక్కోసారి వాడుతూ క్రమం మారిస్తే వచ్చే తానాలు 5,040 అని అందులో లెక్కగట్టారు. ఎన్నో తానం ఏదో, ఏ తానం ఎన్నోదో కనిపెట్టే పట్టిక కూడా ఇచ్చారు. ఆ గ్రంథానికి తెలుగు నేల మీద, రాచకొండ ఏలిన సింగభూపాలుడు వ్యాఖ్య రాశాడని చెబుతారు. ఇంగ్లండు గంటల వాళ్లకు ఈ సంగతి తెలియదు, తెలిసే దారీ లేదు. ఏడు ధ్వనులు చేతిలో ఉన్న మనుషులు రెండు చోట్లా విడివిడిగా ఒకే అంకెకు చేరారన్న మాట నాకు తలచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

తేడా కూడా ఉంది. శార్ఙ్గదేవుడిది లెక్క, వర్గీకరణ. ఇంగ్లండు వాళ్లకు అది చేతితో చేసి చూపించాల్సిన పని. లండన్‌లో కాలేజ్ యూత్స్ అనే సంఘం 1637లో పుట్టింది. అది ఇప్పటికీ ఉంది. 1668లో ఈ విద్య మీద మొదటి పుస్తకం అచ్చయింది. దాన్ని ప్రచురించిన ఫేబియన్ స్టెడ్‌మన్ 1677లో తానే మరో పుస్తకం రాశాడు. 1715 మే 2న నారిచ్ నగరంలోని సెయింట్ పీటర్ మాన్‌క్రాఫ్ట్ చర్చిలో ఒక జట్టు 5,040 వరసలనూ ఒక్కటీ తిరిగి రాకుండా 3 గంటల 18 నిమిషాల్లో పూర్తిచేసింది. సరిగ్గా నమోదైన మొదటి పూర్తి మోత అదేనని చెప్పుకుంటారు. దీన్ని వాళ్లు పీల్ అంటారు. ఇక ఎనిమిది గంటల 40,320 వరసలను గోపురంలో ఒకే జట్టు మధ్యలో మనిషిని మార్చకుండా పూర్తిచేసింది 1963 జూలైలో, లఫ్‌బరోలోని గంటల కార్ఖానా గోపురంలో. 17 గంటల 58 నిమిషాలు పట్టింది.

ఈ అంకెలు చదివినవారు పోటీ అంటే ఎవరు ఎక్కువ వరసలు మోగిస్తారన్నదే అనుకుంటారు. ఎక్కువమంది పొరబడే చోటు ఇదే. ఎక్కువ వరసలు మోగించడం ఘనకార్యం, దాన్ని చెక్క పలక మీద రాసి గోడకు తగిలిస్తారు. ఊళ్ల మధ్య జరిగిన పోటీ మాత్రం వేరు. అక్కడ ఎన్ని మోగించారన్నది కాదు, ఎంత సమంగా మోగించారన్నదే లెక్క. వాళ్ల భాషలో దీన్ని స్ట్రైకింగ్ అంటారు. దెబ్బ పడాల్సిన క్షణంలో దెబ్బ పడటమే ఆ మాటకు అర్థం.

సత్రాల వాకిట్లో

18వ శతాబ్దంలో ఈ పోటీలను ఎక్కువగా నడిపింది చర్చి కాదు, సారాయి సత్రాల యజమానులు. జాతరలు, ఊరి పండుగలు దగ్గర పడుతుంటే సత్రం యజమాని జిల్లా పత్రికలో ప్రకటన వేయించేవాడు. ఫలానా రోజు మా ఊరి గోపురంలో పోటీ, గెలిచినవాళ్లకు ఇన్ని టోపీలు, లేదా ఇంత డబ్బు. చుట్టుపక్కల ఊళ్ల జట్లు నడిచీ, గుర్రాల మీదా వచ్చేవి. వినడానికి వచ్చిన జనం దాహం తీర్చడం సత్రం పని. యజమానికి లాభం, ఊరికి సందడి. గోపురం చర్చిదే అయినా తాళ్లు పట్టేవాళ్లు రైతులు, వడ్రంగులు, కమ్మరులు, చెప్పులు కుట్టేవాళ్లు. వాళ్లకది వారం పొడుగునా చేసిన కాయకష్టం తర్వాత దొరికే కళ.

గంటలు మోగించినందుకు కూలీ కూడా ఉండేది. రాజు పుట్టినరోజు, రాజును చంపే కుట్ర భగ్నమైనందుకు చేసుకునే నవంబరు 5 నాటి పండుగ, ఎన్నికల గెలుపు, యుద్ధంలో విజయం, ఊరి పెద్దింటి పెళ్లి, ఏది వచ్చినా గంటలు మోగేవి, డబ్బో బీరో చేతికందేది. కొన్ని గంటల గదుల్లో జట్టంతటికీ సరిపోయే పెద్ద మట్టి కూజాలు ఉండేవి. వాటి మీద మోగించేవాళ్ల పేర్లు చెక్కి ఉండేవి. అలాంటి కూజాలు ఇంకా మిగిలి ఉన్నాయి.

ఇక్కడొక మాట చెప్పాలి. ఈ సంగతులు చదివి, తాగుబోతుల ఆట అని కొట్టిపారేసిన రాతలు చాలా ఉన్నాయి. నాకది అన్యాయంగా తోస్తుంది. తాగి తూలేవాడు టన్ను గంటను సెకనులో మూడోవంతు కాలానికి సరిగ్గా దింపలేడు. పోటీ గెలవాలంటే నెలల సాధన కావాలి, పక్కవాడి తాడు మీద కన్ను, మొత్తం మోత మీద చెవి ఉండాలి. బహుమతి సత్రం నుంచి వచ్చిందన్న మాట నిజమే. ఆ బహుమతి కోసం పల్లెటూరి మనుషులు తమ చెవిని ఎంత పదును పెట్టుకున్నారో కూడా అంతే నిజం.

పాదిరీలు తలుపు మూసినప్పుడు

19వ శతాబ్దంలో చర్చిలో మరో గాలి వీచింది. ఆరాధన శుభ్రంగా, గంభీరంగా సాగాలి, చర్చి ఆవరణలో జరిగేదంతా ఆరాధనకు లోబడి ఉండాలి అన్న ఆలోచన బలపడింది. ఆ చూపుతో గోపురం వైపు చూస్తే పాదిరీలకు కనిపించినవేమిటి? తమ మాట వినని మనుషులు, బీరు కూజా, బయటి నుంచే ఎక్కిపోయే మెట్ల దారి. ఆరాధనకు రమ్మని గంట మోగించి, ఆరాధన మొదలయ్యేసరికి సత్రానికి వెళ్లిపోయే జట్టు. వాళ్ల ఆవేదన కూడా నిజాయితీ గలదే.

హెన్రీ థామస్ ఎల్లకోంబ్ అనే పాదిరీ ఈ చిక్కుకు 1821లో యంత్రంతోనే జవాబు చెప్పాడు. గ్లాస్టర్‌షైర్‌లోని బిట్టన్‌లో ఆయన చేయించిన ఏర్పాటులో గంటలు కదలవు. ప్రతి గంట దగ్గరా ఒక సుత్తి, ఆ సుత్తుల తాళ్లన్నీ కింద గోడకు బిగించిన చట్రంలోకి వస్తాయి. ఒక్క మనిషి నిలబడి అన్ని గంటలనూ మోగించవచ్చు. ఆరుగురు మొండివాళ్ల అవసరం తీరిపోయింది. ఆ చట్రం వందలాది చర్చిలకు పాకింది. కదలకుండా వేలాడే గంట మీద సుత్తి దెబ్బకు, నోరు తిప్పుకుంటూ తిరిగే గంట మోతకు పోలికే లేదు. ఆ పలుచదనం విన్నవారికి తెలిసిపోతుంది.

విచిత్రమేమంటే ఎల్లకోంబ్ గంటలంటే ప్రాణం పెట్టిన మనిషి. 1850 నుంచి డెవన్‌లోని క్లిస్ట్ సెయింట్ జార్జ్‌లో పాదిరీగా ఉంటూ ఊరూరా తిరిగి గంటల వివరాలు సేకరించి గ్రంథస్తం చేశాడు. ఆయనకు కోపం గంటల మీద కాదు, వాటి చుట్టూ పెరిగిన తీరు మీద.

తర్వాతి తరం సంస్కర్తలు యంత్రం దగ్గర ఆగలేదు, మనుషులనే మార్చాలనుకున్నారు. 1874లో డెవన్‌లో, 1875లో యార్క్‌షైర్‌లో, ఆ వెనుక ఒక్కో ప్రాంతంలో గంటల సంఘాలు వెలిశాయి. మోగించేవాళ్లు చర్చికి సేవకులు కావాలి, గది శుభ్రంగా ఉండాలి, లెక్క ప్రకారం అల్లే వరసలను నేర్చుకోవాలి, డబ్బు కోసం మోగించకూడదు. వీటన్నిటికీ పైన ఒక కేంద్ర మండలి 1891లో సర్ ఆర్థర్ హేవుడ్ చొరవతో ఏర్పడింది. ఈ సంఘాల వల్ల గోపురాల్లోకి చదువు వచ్చింది, గౌరవం వచ్చింది. ఒక నష్టమూ వచ్చింది. కొత్త అల్లికలు ఎన్ని నేర్చారు, ఎన్ని పీళ్లు మోగించారు అన్నది హోదా అయిపోయింది. అల్లిక తప్పకుండా ముగిస్తే చాలు, దెబ్బలు కాస్త అటూ ఇటూ పడినా పరవాలేదన్న సర్దుబాటు చాలాచోట్ల అలవాటైంది.

డెవన్ పల్లెలు పట్టిన పట్టు

ఇంగ్లండు నైరుతి మూలన ఉన్న డెవన్‌లో, పక్కనే కార్న్‌వాల్‌లో చాలా ఊళ్లు ఈ కొత్త చదువును తలకెక్కించుకోలేదు. వాళ్లు తమ పాత పద్ధతినే పట్టుకున్నారు. దాన్ని కాల్ చేంజ్ అంటారు. ఇందులో అల్లికను బట్టీ పట్టక్కర్లేదు. జట్టు నాయకుడు మోత మధ్యలో ఫలానా రెండు గంటలు చోటు మార్చుకోవాలని కేక వేస్తాడు. అవి మారతాయి. మారిన వరసే కొన్నిసార్లు మోగుతుంది. మళ్లీ కేక. ఆరు గంటల మీద అరవై మార్పులతో సాగే ఒక సంప్రదాయ క్రమం ఉంది. దాన్ని సిక్స్‌టీ ఆన్ థర్డ్స్ అంటారు. డెవన్ పోటీల్లో ఎక్కువగా వినిపించేది అదే.

లెక్కల చదువు చదివినవారు దీన్ని తక్కువగా చూశారు. నిజానికి బుర్ర మీద భారం తగ్గిన కొద్దీ చెవి మీద భారం పెరుగుతుంది. తర్వాత ఎక్కడికి వెళ్లాలన్న ఆలోచన లేదు కాబట్టి మనసంతా దెబ్బ మీదే ఉంటుంది. వినేవాడికీ అంతే. వరస మళ్లీ మళ్లీ వస్తుంటుంది కాబట్టి ఏ చిన్న తేడా అయినా ఇట్టే దొరికిపోతుంది.

డెవన్ పోటీలో మరో కఠినమైన అంకం ఉంది. వేరేచోట్ల గంటలను ముందే నోరు పైకి తిప్పి నిలబెట్టి, అక్కడి నుంచి పోటీ మొదలుపెడతారు. డెవన్‌లో గంటలు నోరు కిందికి వేలాడుతుండగానే లెక్క మొదలవుతుంది. మొదట చిన్న ఊపు, దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడేంత వేగం. ఊపు పెరిగే కొద్దీ ప్రతి గంటా ఇంకాస్త ఎత్తుకు వెళ్లి రావాలి కాబట్టి వేగం తగ్గుతూ వస్తుంది. చిన్న గంట తేలిగ్గా లేస్తుంది, పెద్ద గంట మొరాయిస్తుంది. అయినా ఆరుగురూ ఒకే కొలతలో నెమ్మదించాలి. చివర్లో మళ్లీ అంతా కలిసి దించాలి, ఈసారి వేగం పెరుగుతూ పోతుంది. లేపడం, మార్పులు, దించడం మూడింటికీ కలిపే తీర్పు. లయ మారుతున్నప్పుడు సమంగా ఉండటమే అసలు పరీక్షని మన మృదంగ విద్వాంసులు కూడా ఒప్పుకుంటారు.

1920ల మధ్యలో ఈ ఊళ్లన్నీ కలిసి డెవన్ అసోసియేషన్ అనే సొంత సంఘం పెట్టుకున్నాయి. అలా ఒకే జిల్లాలో రెండు సంఘాలు నిలిచాయి. 1874 నాటిది లెక్కల అల్లికలకు, కొత్తది కాల్ చేంజ్‌కు. సత్రాల టోపీలు, నగదు పోయి కవచాలు, కప్పులు, ధ్రువపత్రాలు వచ్చాయి. పోటీ మాత్రం పోలేదు, క్రమం తప్పకుండా ఏటా సాగింది. సంస్కర్తలు ప్రవర్తన బాగుచేశారు, పోటీదారులు చెవిని కాపాడారు అని నేను ఈ చరిత్రను చదువుకుంటాను. ఒకరు లేకుండా మరొకరు ఈ కళను ఇంతవరకు మోసుకొచ్చేవారు కాదు.

తీర్పు చెప్పేవారి చెవి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. ఖాళీని ఎలా కొలుస్తారు?

నిమిషానికి 28 వరసలంటే ఒక్కో వరసకు రెండు సెకన్ల పైచిలుకు. ఆరు గంటల వరసలో దెబ్బకూ దెబ్బకూ ఎడం సుమారు సెకనులో మూడోవంతు. పన్నెండు గంటలైతే అందులోనూ ఇంకా తగ్గి, అయిదోవంతుకో అంతకన్నా తక్కువకో వస్తుంది. ఏ గంటకు ఏ బరువున్నా, ఎవరు లాగుతున్నా ఆ ఎడం మారకూడదు. ఒక దెబ్బ సెకనులో పదోవంతు ముందుకు జరిగితే చాలు, రెండు గంటలు ఒకదాన్ని ఒకటి తోసుకున్నట్టు వినిపిస్తుంది, ఆ వెనుక ఒక గుంట పడుతుంది.

తీర్పరులు గోపురం లోపల ఉండరు. బయట, మోత స్పష్టంగా వినిపించే చోట, ఏ ఇంట్లోనో గదిలోనో కూర్చుంటారు. జట్ల వరుస చీట్లు తీసి తేలుస్తారు. ఎవరు మోగిస్తున్నారో తీర్పరులకు చెప్పరు, ఒక అంకె మాత్రమే చెబుతారు. ఊరి పేరు చెవిన పడితే చెవి తెలియకుండానే మెత్తబడుతుందని అందరికీ తెలుసు. ప్రతి వరసనూ వింటూ తప్పు వినిపించినప్పుడల్లా కాగితం మీద గీత గీస్తారు. పెద్ద తప్పుకు ఎక్కువ, చిన్నదానికి తక్కువ. అన్నీ కలిపితే తప్పుల మొత్తం. ఎవరికి తక్కువ తప్పులో వారిదే గెలుపు. ఇక్కడ మార్కులు సంపాదించుకోవడం ఉండదు, పోగొట్టుకోకుండా ఉండటమే.

చిక్కులు ఇక్కడ మొదలవుతాయి. జట్టు నెమ్మదిగా మోగించి, సమంగా ఉంటే? తప్పు కాదు. తీర్పరి తన మనసులోని వేగాన్ని జట్టు మీద రుద్దకూడదు, వాళ్లు ఎంచుకున్న లయనే కొలబద్దగా తీసుకోవాలి. ఒక గంట నాలుక స్వభావం వల్లే రెండో లాగుడులో ఆలస్యంగా తగిలేదైతే? అది కూడా మోగించేవాడి బాధ్యతే. అటువంటి గంటకు కొంచెం ముందుగా లాగి లోపం సరిచేయాలి. అందుకే అలవాటు లేని గోపురంలో మోగించడం కష్టం, సొంత ఊరివాళ్లకు మేలు. కొన్ని పోటీల్లో వచ్చిన జట్టుకు ఆ గంటల పరిచయానికి దొరికేది కొద్ది నిమిషాలే.

ఇంకో తేడా ఒక ప్రాంతం మనిషిని మరో ప్రాంతంలో తీర్పరిగా కూర్చోబెట్టాలంటే ఆలోచింపజేస్తుంది. ఇంగ్లండులో ఎక్కువచోట్ల రెండు వరసలు పూర్తయ్యాక ఒక్క దెబ్బ పట్టేంత విరామం ఇస్తారు. ఆరు, ఆరు, ఊపిరి. మళ్లీ ఆరు, ఆరు, ఊపిరి. డెవన్ కాల్ చేంజ్‌లో ఆ ఊపిరి ఉండదు. బండిచక్రం దొర్లినట్టు దెబ్బలు ఆగకుండా సాగిపోతాయి. ఒకరికి అందమైనది మరొకరికి తప్పు. రెండూ విన్నాక నా మనసు డెవన్ వైపే మొగ్గుతుంది. విరామంలో చిన్న లోపాలు దాక్కుంటాయి, ఆగని దొర్లుడులో దాక్కోవడానికి చోటే లేదు.

ఈ మధ్య కంప్యూటర్లూ వచ్చాయి. రికార్డు చేసిన మోతలో ప్రతి దెబ్బా ఎన్ని మిల్లీసెకన్లు అటూ ఇటూ పడిందో చూపించగలవు. సాధనకు ఇవి ఎంతో మేలు చేస్తాయి. తీర్పు విషయంలో మాత్రం మనిషి చెవికే ఇంకా పెద్దపీట. సెకనులో ఒకే భాగం తేడా అయినా చిన్న గంట దగ్గర ఒకలా, పెద్ద గంట దగ్గర ఇంకోలా చెవికి తగులుతుంది.

మూగబోయిన మూడేళ్లు, ఆ తర్వాత

మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 1,400 మంది గంటల వాళ్లు ప్రాణాలు కోల్పోయారు. చాలా ఊళ్లలో జట్టులో సగం ఖాళీ అయింది. స్త్రీలు అప్పటికే తాళ్లు పట్టడం మొదలుపెట్టారు. 1896లో ఆలిస్ వైట్ పూర్తి పీల్ మోగించిన తొలి మహిళగా నిలిచింది. 1912లో స్త్రీల సంఘం ఏర్పడింది. యుద్ధం తర్వాత వాళ్లు లేకుండా ఎన్నో గోపురాలు నడిచేవే కావు. రెండో ప్రపంచ యుద్ధంలో 1940 జూన్ నుంచి దేశమంతటా గంటల మీద నిషేధం పడింది. శత్రువు దిగితేనే, హెచ్చరికగా మోగాలి. ఈజిప్టులోని ఎల్ అలమీన్ యుద్ధంలో దొరికిన విజయానికి 1942 నవంబరులో ఒకసారి మోగించారు. 1943లో నిషేధం ఎత్తేశారు. చేతులు మొద్దుబారి, కుర్రాళ్లు దూరమైన ఊళ్లు మళ్లీ లేచి నిలబడటంలో ఏటేటా జరిగే స్థానిక పోటీలు ఒక ఆసరా అయ్యాయి.

అసలు ఆశ్చర్యం తర్వాత జరిగింది. ఒకప్పుడు పందేన్ని చీదరించుకున్న లెక్కల అల్లికల సంఘాలే తమ ఊళ్ల మధ్య ఏటా స్ట్రైకింగ్ పోటీలు పెట్టుకోసాగాయి. 1970ల మధ్యలో, పన్నెండు చర్చి గంటలు మోగించే జట్లకు జాతీయ పోటీ మొదలైంది. లఫ్‌బరోలోని టేలర్ గంటల కార్ఖానా పేరు మీదున్న ట్రోఫీ కోసం పెద్ద నగరాల జట్లు పోటీ పడతాయి. ముందు వడపోత, వేసవిలో తుది పోటీ. ఎక్కువసార్లు గెలిచిన పేరు బర్మింగ్‌హామ్‌ది. 2011 నుంచి పిల్లలకు, కుర్రవాళ్లకు విడిగా జాతీయ పోటీ జరుగుతోంది. 1,400 మంది కోల్పోయిన జ్ఞాపకంగా అంతే సంఖ్యలో కొత్తవారిని చేర్చుకోవాలని 2018లో ఉద్యమం నడిపారు.

మన దేశంలో ఈ తరహాలో నిండు చక్రం మీద తిరిగే గంటలు అరుదు. పుణేలో హోలీ నేమ్ చర్చి గోపురంలో అలాంటివి ఎనిమిది ఉన్నాయి. హైదరాబాదు నుంచి రైలెక్కితే ఒక రాత్రి ప్రయాణం.

ఇంగ్లండులో ఉంటున్న మనవాళ్లు చాలామంది వారంలో ఒక సాయంత్రం దగ్గరి చర్చి నుంచి గంటన్నర సేపు ఆగకుండా వచ్చే మోత వినే ఉంటారు. అది సాధన. ఈసారి కిటికీ తీసి నిలబడి చూడండి. అన్నిటికంటే సన్నని గొంతున్న గంటను ట్రెబుల్ అంటారు, బొంగురు గొంతుది టెనర్. ముందు టెనర్‌ను పట్టుకోండి, అది వరస చివర పడుతూ ఉంటే లెక్క సులువవుతుంది. రెండు వరసలు లెక్కపెట్టి ఊపిరి వచ్చిందో లేదో చూడండి. ఊపిరి రాకుండా దొర్లుతూ పోతుంటే మీరు బహుశా డెవన్‌లో ఉన్నారు. ఆ తర్వాత గంటలను వదిలేసి వాటి మధ్య ఎడాన్ని వినండి. ఎక్కడో రెండు దెబ్బలు దగ్గరికి జరిగి, ఆ వెనుక చిన్న గుంట వినిపిస్తుంది. తీర్పరి కాగితం మీద ఒక గీత పడేది అక్కడే.